ఒకే బాణలి, రెండు కారాలు: ఇంట్లో డెవిల్డ్ వంటకాలు



హోటల్‌కి వెళ్తే ఈ రోజుల్లో మెనూ కార్డు ముందు పిల్లల చేతికే వెళ్తుంది. వాళ్లు గబగబా చదువుతూ 'డెవిల్డ్ చికెన్', 'డెవిల్డ్ ప్రాన్స్' దగ్గర ఆగిపోతారు. "డెవిల్ అంటే దెయ్యం కదా, కూరకి ఆ పేరు పెట్టారేంటి?" అని ముందు మిమ్మల్ని అడుగుతారు, సోమవారం క్లాసుకి వచ్చి మమ్మల్ని అడుగుతారు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు తెలిసిన జవాబు పిల్లలకు చెప్పాను. అయితే ఆ మాట వెనకున్న వంట పద్ధతి వాళ్లకంటే మీకే ఎక్కువ పనికొస్తుందనిపించి, ఈ నెల దాని గురించి రాస్తున్నాను.

ఎందుకంటే కారం విషయంలో మన ఇళ్లలో రోజూ ఒక చిన్న పంచాయితీ నడుస్తుంది. తాతయ్యకి కారం తగలకపోతే ముద్ద దిగదు. నాన్నకి ఘాటుగా ఉంటేనే అది ఆదివారం కూర. రెండో తరగతి చదివే పాప మాత్రం అదే కూర నోట్లో పెట్టుకోగానే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఇక వండేవాళ్లకి రెండే దారులు. అందరికీ చప్పగా వండాలి, లేదా పాపకి విడిగా పెరుగన్నమో నూడుల్సో పెట్టాలి. మొదటిదానికి పెద్దవాళ్లు గొణుగుతారు. రెండోది అప్పటికి సులువే కానీ, దాని ఫలితం లంచ్ టైమ్‌లో పిల్లల మధ్య తిరిగే మాకు కనిపిస్తూ ఉంటుంది. ఇంట్లో అందరూ తినేది తన కోసం కాదని అనుకోవడం అలవాటైన కొందరు పిల్లలు, ఐదో తరగతికి వచ్చినా కొత్త కూర కనిపిస్తే బాక్స్ మూత పెట్టేస్తారు.

ఒకే బాణలిలో వండి ఇద్దరికీ పెట్టే మార్గం డెవిల్డ్ వంటలో ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఆ పేరు సంగతి చూడాలి.

ఆ పేరు ఎలా వచ్చింది?

ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం చివరి నుంచి 'డెవిల్' అనే మాట వంటింట్లో వినిపిస్తోంది. మిరియాలు, ఆవపిండి, కయెన్ అనే ఎండుమిరప పొడి దట్టంగా పట్టించి నిప్పుల మీద కాల్చిన మాంసాన్ని అలా పిలిచారు. నరకం అంటే మంటలు, ఆ మంటల్లో ఉండేవాడు సైతాను, కాబట్టి నోరు మండించే వంటకి వాడి పేరు. అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. అయినా అమెరికాలో కొన్నిచోట్ల చర్చి విందుల్లో 'డెవిల్డ్ ఎగ్స్' అనడానికి మొహమాటపడి 'స్టఫ్డ్ ఎగ్స్' అనో 'డ్రెస్డ్ ఎగ్స్' అనో అంటారు. వంటకం మాత్రం అదే!

చార్లెస్ డికెన్స్ 1849, 1850లో భాగాలుగా వెలువరించిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. డేవిడ్ తన గదిలో స్నేహితులకి విందు ఇస్తాడు. తీరా వడ్డించాక చూస్తే గొర్రె తొడ సరిగ్గా ఉడకలేదు, బయట పాలిపోయి ఉంది, లోపల ఎర్రగా పచ్చిగా ఉంది. విందు పాడైనట్టేనని అందరూ అనుకుంటుండగా మికాబర్ గారు డెవిల్ చేద్దామంటారు. ఒకరు మాంసాన్ని ముక్కలుగా కోస్తారు. మికాబర్ మిరియాలు, ఆవపిండి, ఉప్పు, కయెన్ పట్టిస్తారు. డేవిడ్ ఆ ముక్కల్ని ఇనుప చట్రం మీద పెట్టి కాలుస్తాడు. మికాబర్ భార్య చిన్న గిన్నెలో పుట్టగొడుగుల కెచప్ వేడి చేస్తూ కలుపుతూ ఉంటుంది. అవును, అప్పట్లో కెచప్ అంటే టమాటాదే కానక్కర్లేదు. మీ పిల్లలు ఎనిమిదో తరగతి దాటి ఉంటే 28వ అధ్యాయం తీసి ఈ భాగం వాళ్ల చేత చదివించండి. నలుగురు కలిసి వండుకుంటే భోజనం ఎంత సందడిగా ఉంటుందో డికెన్స్ బాగా చూపించాడు.

ఇప్పుడు ఆ సన్నివేశంలో వంట పద్ధతిని గమనించండి. మాంసం ముందే ఎంతో కొంత వండి ఉంది. ఘాటు చివర్లో వచ్చింది, అదీ పైపూతగా వచ్చింది. ఇంగ్లిష్ ఇళ్లలో డెవిల్ ఎక్కువగా నిన్నటి రోస్ట్ చికెన్ కాలో, మిగిలిన మాంసమో వాడుకోవడానికి చేసేవాళ్లు. మన కూర అలా కాదు. ఉల్లిపాయ వేగగానే కారం పడుతుంది, ముక్కతో పాటు ఉడుకుతుంది, లోపలిదాకా ఇంకుతుంది. ఆ తర్వాత పాప కోసం ఆ కారాన్ని వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. డెవిల్డ్ వంటలో కారం ఆఖరి మెట్టు. ఆ మెట్టు ఎక్కేముందు బాణలిలోంచి కొంత తీసి పక్కన పెట్టుకుంటే చాలు.

శ్రీలంక టూర్‌కి వెళ్లొచ్చినవాళ్లకి ఇంకో డెవిల్ తెలిసే ఉంటుంది. అక్కడ చికెన్, రొయ్యలు, చేప, పంది మాంసం దేన్నయినా డెవిల్డ్‌గా చేస్తారు. పెద్దపెద్ద ముక్కలుగా కోసిన ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటా, వాటితో సోయా సాస్, వెనిగర్, టమాటా సాస్, ఎండుమిర్చి పలుకులు కలిపి పెద్ద మంట మీద టాస్ చేస్తారు. పేరు ఇంగ్లిష్‌ది, బాణలి పద్ధతి చైనీస్‌ది, కారం వాళ్లది. మన చిల్లీ చికెన్‌కి దగ్గరి చుట్టమే. పులుపు, తీపి, కారం మూడూ తెలుస్తాయి కాబట్టి, కారం తీసేసినా మిగిలిన రెండూ రుచిగానే ఉంటాయి. పిల్లలున్న ఇంటికి నేను ఈ శ్రీలంక పద్ధతినే ముందు సూచిస్తాను.

"మండుతోంది" అంటే నిజంగానే మండుతోంది

వంటలోకి వెళ్లేముందు ఒక్క సైన్స్ మాట. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. మన నాలుక మీద, చర్మంలో వేడిని పసిగట్టే నరాల చివర్లు ఉంటాయి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే స్పందించే గ్రాహకం ఒకటి వాటిలో ఉంది. క్యాప్సైసిన్ తగిలినా సరిగ్గా అదే గ్రాహకం స్పందిస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం దీన్ని 1997లో గుర్తించింది. స్పర్శ, ఉష్ణోగ్రత గ్రాహకాల మీద చేసిన పనికి ఆయనకీ ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి 2021లో వైద్యరంగంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే పాప "మండుతోంది" అన్నప్పుడు నాటకం ఆడటం లేదు. వేడివేడి చెంచా తగిలితే మెదడుకి వెళ్లే కబురే ఇప్పుడూ వెళ్తోంది. "తెలుగింట్లో పుట్టి ఈమాత్రం కారం తినలేవా?" అని పదిమందిలో నవ్వితే ఆ కబురు ఆగదు, పాప చెప్పడం మాత్రం మానేస్తుంది.

కారం తగిలినప్పుడు నీళ్లిస్తే పెద్దగా లాభం ఉండదు. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది కానీ నీళ్లలో సరిగ్గా కరగదు. పాలలో, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టి లాగుతుంది. అందుకని ఒక గుక్క పాలో, రెండు చెంచాల పెరుగో ఇవ్వండి. ఇంకో మాట, కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలోనే అది ఎక్కువ. పచ్చిమిర్చి చీల్చి ఆ పొర గీకేస్తే ఘాటు బాగా తగ్గి, వాసన మాత్రం మిగులుతుంది.

అరకిలో చికెన్‌తో, నలుగురికి

బోన్‌లెస్ చికెన్‌ని అంగుళం ముక్కలుగా కోసి ముప్పావు టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ సోయా సాస్, ఒక టీస్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి ఇరవై నిమిషాలు ఉంచండి. మీ పాప మిరియాలకి కూడా ఇబ్బంది పడితే అందులో సగమే వేయండి. ఎర్ర రంగు వేయకండి, టమాటా సాసే రంగు ఇస్తుంది. ఇంకా ఎరుపు కావాలనిపిస్తే చివర్లో వేసే మిరపకాయల్లో సగం బ్యాడిగి రకం వాడండి. కర్ణాటక నుంచి వచ్చే ఆ మిరపకి రంగు ఎక్కువ, కారం తక్కువ.

ముక్కలు నానేలోపు ఒక గిన్నెలో మూడు టేబుల్‌స్పూన్ల టమాటా సాస్, ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్, ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్, ఒక టీస్పూన్ పంచదార, పావు కప్పు నీళ్లు కలిపి పెట్టుకోండి. ఇది ముందే కలిపి ఉండాలి. పెద్ద మంట మీద వంట మొదలయ్యాక సీసా మూతలు తీసుకుంటూ కూర్చుంటే ఉల్లిపాయ మెత్తబడిపోతుంది. సాసులు రెండింట్లోనూ ఉప్పు ఉంటుంది కనుక విడిగా ఉప్పు ఇప్పుడే వేయొద్దు.

చికెన్‌కి మూడు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్ పొడిగా పట్టించి, బాణలిలో నాలుగైదు టేబుల్‌స్పూన్ల నూనె వేడిచేసి రెండు వాయిలుగా వేయించండి. ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరి వేగడం మానేసి ఉడుకుతాయి. ఒక్కో వాయికి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. పెద్ద ముక్క ఒకటి విరిచి చూడండి, లోపల గులాబీ రంగు కనిపించకూడదు. తీసి పక్కన పెట్టండి.

అదే బాణలిలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె ఉంచి, తరిగిన వెల్లుల్లి రెబ్బలు ఆరు వేసి, వాసన రాగానే రెండు ఉల్లిపాయల్ని, ఒక క్యాప్సికంని పెద్ద ముక్కలుగా వేయండి. ఉల్లిపాయ పొరలు విడదీసి వేస్తే బాగుంటుంది. పెద్ద మంట మీద రెండు నిమిషాలు చాలు, కొరికితే కరకరమనాలి. ఒక పెద్ద టమాటాని ఎనిమిది చీలికలు చేసి వేసి, ఇంకో నిమిషం తర్వాత కలిపి ఉంచిన సాస్ పోయండి. అది కాస్త చిక్కబడగానే చికెన్ వేసి ఒక నిమిషం పాటు ఎగరేయండి.

ఇక్కడ ఆగండి. పిల్లల వాటా తీసి గిన్నెలో పెట్టండి. అది కారం తీసేసిన కూరలా ఉండదు, పుల్లగా తియ్యగా దానికదే పూర్తయిన వంట.

ఇప్పుడు డెవిల్ వంతు. పోపు గరిటెలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె వేడిచేసి, స్టవ్ ఆపి, పది సెకన్లు ఆగి, రెండు టీస్పూన్ల ఎండుమిర్చి పలుకులు, చీల్చిన పచ్చిమిర్చి మూడు, అర టీస్పూన్ కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేయండి. పచ్చిమిర్చి చిటపటమంటుంది, కాబట్టి మొహం దూరంగా పెట్టండి. స్టవ్ మీదే ఉంచితే పలుకులు నల్లబడి చేదెక్కుతాయి. నూనె ఎర్రబడగానే సగం తెచ్చి బాణలిలో మిగిలిన చికెన్ మీద పోసి కలపండి. కారం నూనెలో కరుగుతుందని పైన చెప్పుకున్నాం కదా, అందుకే అర నిమిషంలో ముక్కముక్కకీ అంటుకుంటుంది. పప్పుకి పోపు పెట్టడం వచ్చిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

మిగిలిన సగం కారం నూనెని చిన్న గిన్నెలో పోసి భోజనాల దగ్గర పెట్టండి. నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. తాతయ్య ఇంకో చెంచా వేసుకుంటారు. పాప కూడా తన ప్లేటులో ఒక్క చుక్క వేసుకుని చూస్తానంటే వేసుకోనివ్వండి, వద్దంటే అడగొద్దు. కారం అలవాటు మెల్లగా, కొద్దికొద్దిగానే అవుతుంది. ఎంత వేసుకోవాలో తనే నిర్ణయించుకునే పిల్లలు, బలవంతంగా పెట్టించుకునే పిల్లల కంటే ధైర్యంగా రుచి చూస్తారని నా అనుభవం.

వేడి అన్నంలోకి, ఫ్రైడ్ రైస్‌లోకి, చపాతీలోకి ఏదైనా సరే. ఇంగ్లిష్‌వాళ్లు కొన్ని డెవిల్డ్ వంటల్ని కాల్చిన బ్రెడ్ మీద వేసుకుని తింటారు, అదీ బాగుంటుంది.

మాంసం తినని ఇళ్లలో ఉడికించిన చిన్న బంగాళాదుంపలతో ఇదే చేయండి. తొక్కతోనే కాస్త అదిమి, ఎర్రగా వేయించి, సాస్‌లో వేయాలి. పనీర్, పుట్టగొడుగులు, ఉడికించిన కాబూలీ శనగలు కూడా కుదురుతాయి. నా ఓటు మాత్రం బంగాళాదుంపకే.

ఆవ ఘాటు వేరు

పాత ఇంగ్లిష్ డెవిల్‌లో ప్రాణం ఆవపిండిది. మిరప మంట నాలుక మీద కూర్చుంటుంది, ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి కాసేపట్లో దిగిపోతుంది. అది ఆవగింజలో సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక అందులోని ఎంజైమ్ పనిచేస్తేనే పుడుతుంది. పోపులో ఆవాలు చిటపటలాడినా ముక్కుకి ఎక్కకపోవడానికి కారణం ఇదే, వేడి నూనెలో ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కూరకి ఆవ పెట్టేవాళ్లు కూర దించి చల్లారాకే నూరిన ఆవ కలుపుతారు. కెమిస్ట్రీ పేరు చెప్పకుండానే ఆ సంగతి వాళ్లకి తెలుసు!

రాత్రి రోస్ట్ చికెనో తందూరీ ముక్కలో మిగిలితే, ఒక టేబుల్‌స్పూన్ ఆవపిండిని రెండు టేబుల్‌స్పూన్ల చల్లటి నీళ్లతో కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాతే ఒక టీస్పూన్ వెనిగర్ వేయండి. ముందే వేస్తే పులుపు ఆ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. రెండు టేబుల్‌స్పూన్ల వెన్న, అర టీస్పూన్ చొప్పున మిరియాల పొడి, కారం కలిపి, ముక్కలకి గాట్లు పెట్టి, ఈ ముద్దలో మూడొంతులు పట్టించి, పెనం మీద లోపలిదాకా బాగా వేడెక్కేలా కాల్చండి. మిగిలిన వంతు దించాక పైన రాయండి, ఆ ఘాటే ముక్కుకి తగిలేది. కాకపోతే ఆ మిగిలిన ముక్కలు వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లినవై ఉండాలి. మళ్లీ వేడిచేసింది ఇంకోసారి దాచొద్దు.

చాలా రెసిపీల్లో వూస్టర్‌షర్ సాస్ కనిపిస్తుంది. స్పెల్లింగ్‌లో సగం అక్షరాలు పలకని ఆ మాటని పిల్లల చేత చదివించి చూడండి, మంచి కాలక్షేపం. శాకాహారులు మాత్రం లేబుల్ చూడాలి. అసలు పద్ధతిలో చేసిన ఆ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది.

లంచ్ బాక్స్ గురించి ఒక మనవి. డెవిల్డ్ చికెన్‌ని బాక్స్‌లో పెట్టకండి. ఉదయం ఏడున్నరకి కట్టింది మధ్యాహ్నం పన్నెండున్నరకి తెరుస్తారు, మన ఎండలకి మాంసం అంతసేపు బయట ఉండకూడదు. బంగాళాదుంపలతో చేసింది పొద్దున్నే వండి, సాస్ తక్కువగా పొడిపొడిగా పెట్టండి, అదీ కారం నూనె పోయని వాటా మాత్రమే. కారం తగిలితే పిల్లల దగ్గర అక్కడ వాటర్ బాటిల్ తప్ప ఏమీ ఉండదు. చిన్న డబ్బాలో పెరుగు వేస్తే ఇంకా మంచిది.

పిల్లల్ని వంటలోకి పిలవండి, కానీ పని చూసి ఇవ్వండి. సాస్ కొలిచి కలపడం, ఉల్లి పొరలు విడదీయడం మూడో తరగతి పిల్లలు చేయగలరు. పెద్దవాళ్ల చేత ఇంగ్లిష్‌లో ఉన్న రెసిపీ ఏదైనా బిగ్గరగా చదివించండి. చాప్, స్లైస్, డైస్ మధ్య తేడా నేను బోర్డు మీద ఎంత చెప్పినా అంతంతమాత్రమే, ఒక్క క్యాప్సికం కోసి చూపిస్తే ఎప్పటికీ గుర్తుంటుంది. కారం నూనె కాచే ఆ రెండు నిమిషాలు మాత్రం అందరినీ బయటికి పంపి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఆస్తమా ఉన్న పిల్లలకి ఆ ఘాటు అస్సలు మంచిది కాదు.

మిర్చి తరిగిన చేతికి ముందు కాస్త వంటనూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. ఉట్టి నీళ్లతో కడిగితే మంట వేళ్ల మీదే ఉంటుంది. ఆ తర్వాతే పాప మూతి తుడవడం, మీ కాంటాక్ట్ లెన్స్ తీయడం.